వెంటిలేటర్ రోగులకు మెష్ నెబ్యులైజర్: పరికరం పైనా, అందులో పోసే మందుల పైనా ఒక సమీక్ష

వెంటిలేటర్ మీద ఉన్న రోగి ఊపిరితిత్తులకు మందును తుంపర రూపంలో చేర్చడానికి ఐసీయూల్లో ప్రధానంగా మూడు మార్గాలు వాడుకలో ఉన్నాయి. అధిక పీడనంతో వచ్చే ఆక్సిజన్‌తోనో గాలితోనో ద్రావణాన్ని చిమ్మే జెట్ నెబ్యులైజర్ మొదటిది. నొక్కిన ప్రతిసారీ కొలిచినంత మందు విడిచే ఇన్‌హేలర్‌ను స్పేసర్‌తో (మందు తుంపర కాస్త నిలిచే ఖాళీ గది) కలిపి సర్క్యూట్‌లో (వెంటిలేటర్‌నూ రోగినీ కలిపే గొట్టాల్లో) అమర్చడం రెండోది. సన్నని రంధ్రాలున్న లోహపు రేకును విద్యుత్తుతో కంపింపజేసి, దాని గుండా ద్రావణాన్ని తుంపరగా మార్చే మెష్ నెబ్యులైజర్ మూడోది. ఈ మూడింటితోనూ రోగి మంచం పక్కన పనిచేసిన అనుభవంతో మూడోదాని గురించి ఇక్కడ రాస్తున్నాను. పరికరాన్ని మాత్రమే పరిశీలించి వదిలేస్తే విషయం సగమే చెప్పినట్టవుతుంది కనుక, అందులో పోసే మందుల గురించి కూడా అంతే వివరంగా రాయవలసి వచ్చింది. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. పరికరంగా ఇది మిగిలిన రెండింటికంటే మెరుగైనది. అయితే అవసరమైన మందును ఎంత సులువుగా చేరుస్తుందో, అవసరం లేని మందును కూడా అంతే సులువుగా చేరుస్తుంది. అందువల్ల దీన్ని కొనే విభాగం తన మందుల ఆర్డర్లను కూడా తిరగరాసుకోవాలి.

పనిచేసే తీరు చూద్దాం. చిన్న కప్పు అడుగున ఉన్న రేకుకు గరాటు ఆకారంలో సుమారు వెయ్యి రంధ్రాలు ఉంటాయి. ఆ రేకు సెకనుకు లక్షకు పైగా సార్లు కంపిస్తూ, తనపై నిలిచిన ద్రావణాన్ని ప్రధానంగా 1 నుంచి 5 మైక్రాన్ల పరిమాణం గల బిందువులుగా కిందికి వదులుతుంది. ఈ పరిమాణానికి ప్రాధాన్యం ఉంది. అంతకంటే పెద్ద బిందువులు గొట్టాల గోడలకూ ఎండోట్రాకియల్ ట్యూబ్ (శ్వాసనాళంలోకి వేసే గొట్టం) లోపలి గోడకూ అంటుకుని అక్కడే ఆగిపోతాయి, మరీ చిన్నవి ఎక్కడా నిలవకుండా నిశ్వాసంతో పాటు బయటికి వెళ్లిపోతాయి. జెట్ నెబ్యులైజర్ కూడా ఇటువంటి బిందువులనే తయారు చేయగలదు గాని, అందుకు నిమిషానికి 6 నుంచి 8 లీటర్ల వాయువు అదనంగా కావాలి. వెంటిలేటర్ స్వయంగా నెబ్యులైజర్‌ను నడిపి లెక్క సరిచేసుకునే మోడల్ అయితే తప్ప, ఆ అదనపు వాయువు టైడల్ వాల్యూమ్‌ను (ఒక్కో శ్వాసలో వెళ్లే గాలి పరిమాణాన్ని) పెంచుతుంది, నిశ్వాస పరిమాణం కొలతను తప్పుగా చూపిస్తుంది. బలహీనంగా ఊపిరి తీసుకోవడానికి ప్రయత్నిస్తున్న రోగి శ్రమను యంత్రం గుర్తించలేకపోవడం దీనివల్ల కలిగే మరో నష్టం. వెంటిలేటర్ నుంచి రోగిని విడిపించే దశలో ఇది చిన్న విషయం కాదు. మెష్ నెబ్యులైజర్‌కు వాయువు అవసరమే లేదు కనుక ఈ ఇబ్బందులు దాని విషయంలో తలెత్తవు.

మిగిలిపోయే మందు విషయంలోనూ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. జెట్ నెబ్యులైజర్ అడుగున దాదాపు 1 మి.లీ. ద్రావణం తుంపరగా మారకుండా ఉండిపోతుంది, అంటే 3 మి.లీ. పోస్తే మూడో వంతు వృథా అవుతుంది. మెష్‌లో మిగిలేది 0.2 మి.లీ. కంటే తక్కువ. ప్రయోగశాల నమూనాలపై జరిగిన పోలికల్లో, ఒకే మోతాదు పోసినప్పుడు జెట్ కంటే మెష్ రెండు నుంచి నాలుగు రెట్ల మందును ట్యూబ్ చివరికి చేర్చింది. ఈ అంకెను చాలామంది పరికరం గొప్పతనంగా మాత్రమే చదువుతారు. నేను దాన్ని మోతాదు విషయంలో ఒక హెచ్చరికగా కూడా చదువుతాను. జెట్‌తో ఇచ్చినంత కాలం శ్వాసనాళాలను వదులు చేసే సాల్బుటమాల్ 2.5 మి.గ్రా. పోస్తే అందులో చాలా భాగం రోగికి అందేదే కాదు. పరికరం మారి, ఆర్డరు మారకపోతే, ఊపిరితిత్తుల్లోకీ అక్కడి నుంచి రక్తంలోకీ వెళ్లే మందు పెరుగుతుంది. గుండె వేగం పెరగడం, రక్తంలో పొటాషియం తగ్గడం, లాక్టేట్ పెరగడం కనిపించినప్పుడు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) ముదురుతోందా అని వెతకడంతో పాటు, నెబ్యులైజర్‌లో ఏం పోస్తున్నామో, ఎన్ని గంటలకొకసారి పోస్తున్నామో కూడా చూడాలి.

సర్క్యూట్‌ను విప్పనవసరం లేకపోవడం ఈ పరికరంలో నాకు అన్నిటికంటే విలువైన గుణంగా అనిపిస్తుంది. మూత తెరిచి మందు పోసినా లోపలి పీడనం తగ్గదు, ఎందుకంటే రేకు రంధ్రాలు వాయువు తప్పించుకోలేనంత సన్నగా ఉంటాయి. అధిక పీప్ (నిశ్వాసం చివర కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే పీడనం) మీద ఆధారపడిన ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి ఆక్సిజన్ తీవ్రంగా తగ్గే స్థితి) రోగికి సర్క్యూట్‌ను కొన్ని క్షణాలు విప్పినా, అప్పటివరకూ తెరిచి ఉంచిన గాలి గదులు మూసుకుపోతాయి, ఆక్సిజన్ స్థాయి పడిపోయి తిరిగి కోలుకోవడానికి చాలా సేపు పడుతుంది. దీనికి తోడు జెట్ నెబ్యులైజర్ కప్పు సర్క్యూట్‌కు కింది వైపు వేలాడుతుంది కనుక, గొట్టాల్లో చేరిన కలుషితమైన నీరు అందులోకి జారుతుంది. ఇలా కలుషితమైన నెబ్యులైజర్లు బాక్టీరియాతో నిండిన తుంపరను నేరుగా ఊపిరితిత్తుల్లోకి పంపగలవని 1984లోనే ప్రచురితమైన అధ్యయనం చూపించింది. మెష్ కప్పు గొట్టానికి పై వైపు నిలబడుతుంది, మందుకూ సర్క్యూట్‌కూ మధ్య రేకు అడ్డుగా ఉంటుంది.

ఇక అమరిక. పరికరాన్ని మెచ్చుకున్నవారికీ, పనిచేయడం లేదని విసుక్కున్నవారికీ మధ్య తేడా చాలావరకు ఇక్కడే ఉంటుంది. నిశ్వాస సమయంలో కూడా సర్క్యూట్‌లో కొంత వాయువు నిరంతరం ప్రవహించే వెంటిలేటర్లలో, మెష్ నెబ్యులైజర్‌ను రోగికి దగ్గరగా కాక, వేడి హ్యుమిడిఫయర్‌లోకి వాయువు ప్రవేశించే పొడి వైపున అమర్చినప్పుడు ఎక్కువ మందు అందుతుందని పరీక్షల్లో తేలింది. మొదట విన్నప్పుడు ఇది వింతగా తోస్తుంది, రోగికి దూరంగా పెడితే మందు ఎక్కువ ఎలా చేరుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. నిశ్వాసం జరుగుతున్నంత సేపూ తుంపర ఉచ్ఛ్వాస గొట్టంలో పోగై, తరువాతి ఉచ్ఛ్వాసంతో ఒక్కసారిగా లోపలికి వెళ్లడమే ఇందుకు కారణం. ఉచ్ఛ్వాస, నిశ్వాస గొట్టాలు రోగి దగ్గర కలిసే వై కనెక్టర్‌కు ఆనించి పెట్టినప్పుడు నిశ్వాస కాలంలో పుట్టిన తుంపరంతా నేరుగా నిశ్వాస గొట్టంలోకి కొట్టుకుపోతుంది. నిరంతర ప్రవాహం లేని యంత్రాల్లో ఉచ్ఛ్వాస గొట్టంలో వై కనెక్టర్‌కు సుమారు 15 సెం.మీ. దూరాన అమర్చడం పాటించదగిన పద్ధతి.

వేడి తేమ వల్ల బిందువులు నీటిని పీల్చుకుని పెరుగుతాయనీ, అందువల్ల చేరే మందు దాదాపు సగానికి తగ్గవచ్చనీ తెలిసినవారు కొందరు నెబ్యులైజేషన్ సమయంలో హ్యుమిడిఫయర్‌ను ఆపేస్తారు. నేను దీన్ని సమర్థించను. పొడి గాలి శ్వాసనాళపు పొరకు హాని చేస్తుంది, పైగా ఆపిన దాన్ని తిరిగి వేయడం మరిచిపోతే కఫం గట్టిపడి ట్యూబ్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. తగ్గిన మందును అమరిక సరిచేసి రాబట్టుకోవచ్చు. హ్యుమిడిఫయర్‌కు బదులు హెచ్‌ఎంఈ ఫిల్టర్ (రోగి నిశ్వాసంలోని వేడినీ తేమనూ పట్టి తిరిగి ఇచ్చే ఫిల్టర్) వాడే రోగి విషయం వేరు. ఆ ఫిల్టర్ నెబ్యులైజర్‌కూ రోగికీ మధ్య ఉంటే మందు దాదాపు మొత్తం అక్కడే చిక్కుకుంటుంది. దాన్ని తీయాలి, లేదా తుంపర పక్క దారిలో వెళ్లేలా తిప్పగలిగే రకాన్ని వాడాలి. మందు పూర్తయ్యాక తిరిగి పెట్టినట్టు చార్టులో రాయాలి. ఫిల్టర్ తీయకుండానే గంటల తరబడి నెబ్యులైజేషన్ నడిపి, రోగి మందుకు స్పందించడం లేదని నోట్స్‌లో రాసిన సందర్భాలు ఈ రంగంలో పనిచేసేవారికి కొత్తవి కావు. ఒక చోట అలాంటి రోగికి అదనంగా సిరల ద్వారా మందు మొదలుపెట్టడానికి ఏర్పాట్లు జరుగుతుండగా ఫిల్టర్ సంగతి బయటపడింది.

నిలువుగా ఉంచడం కూడా అమరికలో భాగమే. ద్రావణం తన బరువుతోనే రేకు మీద నిలవాలి, కాబట్టి కప్పు పక్కకు వాలితే మందు ఒక మూల చేరి అక్కడే ఉండిపోతుంది. రోగిని బోర్లా పడుకోబెట్టినప్పుడు గొట్టాలు మెలితిరిగి ఇది తరచుగా జరుగుతుంది. బోర్లా తిప్పిన ప్రతిసారీ చూడవలసిన అంశాల జాబితాలో నెబ్యులైజర్ నిటారుగా ఉందా అన్న ప్రశ్నను చేర్చడం మంచిది.

నిశ్వాస వైపు ఫిల్టర్ గురించి ఎంత చెప్పినా ఎక్కువ కాదు. ఊపిరితిత్తుల్లో నిలవని తుంపర బయటికి వచ్చేటప్పుడు వెంటిలేటర్ వాల్వునూ ఫ్లో సెన్సార్‌నూ పాడుచేయకుండా ఆ ఫిల్టర్ అడ్డుకుంటుంది. అడ్డుకున్న మందు అక్కడే ఎండి పేరుకుంటుంది. ఫిల్టర్ నిరోధం పెరిగిన కొద్దీ నిశ్వాసం పూర్తి కాదు, గాలి లోపలే చిక్కుకుంటుంది, ఆటో పీప్ (అలా చిక్కిన గాలి వల్ల లోపల మిగిలే పీడనం) పెరుగుతుంది, చివరికి రక్తపోటు పడిపోతుంది. ఇది చూసేవారికి బ్రాంకోస్పాజం (శ్వాసనాళాలు బిగుసుకుపోవడం) లాగే కనిపిస్తుంది కనుక మరింత సాల్బుటమాల్ ఇస్తారు, దానితో ఫిల్టర్ మరింత మూసుకుపోతుంది. 2009లో ఇన్‌ఫ్లుయెంజా విస్తృతంగా వ్యాపించిన సమయంలో, పొడి రూపంలో పీల్చడానికి ఉద్దేశించిన జనామివిర్ అనే ఫ్లూ మందును నీటిలో కలిపి వెంటిలేటర్ ద్వారా నెబ్యులైజ్ చేయగా, అందులోని లాక్టోజ్ వెంటిలేటర్‌ను మూసివేసి రోగి మరణించిన ఉదంతం తరువాత తయారీ సంస్థ వైద్యులకు హెచ్చరిక లేఖ పంపింది. నెబ్యులైజేషన్ కోసం తయారు కాని రూపాన్ని ఈ కప్పులో పోయకూడదనడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అవసరం లేదు. యాంటీబయాటిక్స్ ఇచ్చేటప్పుడు ప్రతి మోతాదు తరువాత, ఎపోప్రోస్టెనాల్ (ఊపిరితిత్తుల రక్తనాళాలను వదులు చేసే మందు) నిరంతరంగా ఇస్తుంటే కొన్ని గంటలకొకసారి ఫిల్టర్ మార్చడం నేను తప్పనిసరిగా భావిస్తాను. వెంటిలేటర్ తెర మీద నిశ్వాస ఫ్లో తరంగం సున్నాకు చేరకముందే తరువాతి శ్వాస మొదలవుతుంటే మందు పెంచకముందు ఫిల్టర్ మార్చి చూడాలి.

ఇప్పుడు మందులు. సాల్బుటమాల్‌కు ఈ పరికరం తప్పనిసరి కాదు. స్పేసర్‌తో ఇన్‌హేలర్ సరిగా వాడగలిగిన సిబ్బంది ఉన్న చోట అది చాలు. 1990లలో సీఓపీడీ (శ్వాసనాళాలు దీర్ఘకాలంగా ఇరుకైపోయే వ్యాధి) ఉన్న వెంటిలేటర్ రోగులపై జరిగిన అధ్యయనాల్లో 4 పఫ్‌లతోనే శ్వాసనాళ నిరోధం స్పష్టంగా తగ్గింది, ఆపై పఫ్‌లు పెంచినందువల్ల అదనంగా ఒనగూరింది పెద్దగా లేదు. అయితే డబ్బాను బాగా కుదపాలి, ఉచ్ఛ్వాసం మొదలైన క్షణంలోనే నొక్కాలి, గొట్టానికి నేరుగా తగిలించే చిన్న అడాప్టర్‌కు బదులు విశాలమైన స్పేసర్ వాడాలి. ఈ మూడింటిలో ఏది తప్పినా మందు గొట్టం గోడల పాలవుతుంది. రాత్రి షిఫ్టులో ఒక్క సిస్టర్ ఇద్దరు ముగ్గురు రోగులను చూసుకునే చోట ఈ సమన్వయం ఆశించడం కష్టం, అక్కడ మెష్ నెబ్యులైజర్‌కే నా ఓటు.

ఏ పరికరమైనా మందు పనిచేసిందో లేదో కొలవకుండా రెండో మోతాదు ఇవ్వడం నాకు నచ్చదు. రోగి స్వయంగా ఊపిరికి ప్రయత్నించని స్థితిలో, స్థిరమైన ఫ్లోతో, ఉచ్ఛ్వాసం చివర కొద్ది క్షణాలు ఆపితే పీక్ పీడనమూ (గాలి వెళ్లేటప్పటి గరిష్ఠ పీడనం) ప్లాటూ పీడనమూ (ప్రవాహం ఆగాక మిగిలే పీడనం) తెలుస్తాయి. వాటి మధ్య తేడా మందుకు ముందు ఎంత, 15, 20 నిమిషాల తరువాత ఎంత అన్నది చూడాలి. పీక్ తగ్గి ప్లాటూ అలాగే ఉంటే మందు శ్వాసనాళాల మీద పనిచేసినట్టు. మొదటి నుంచీ రెండూ కలిసి ఎక్కువగా ఉంటే సమస్య ఊపిరితిత్తి బిగుతులోనో, ఛాతీ గోడలోనో, న్యుమోథొరాక్స్‌లోనో (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉంది, సాల్బుటమాల్ దానికి మందు కాదు. ఏఆర్‌డీఎస్‌లో సాల్బుటమాల్ ఊపిరితిత్తుల్లోని నీటిని తగ్గిస్తుందన్న ఆశ ఒకప్పుడు ఉండేది. నెబ్యులైజ్ చేసిన మందుతో ప్రయోజనం లేదని 2011లో ఆల్టా అనే క్లినికల్ పరీక్ష తేల్చింది, సిరల ద్వారా ఇస్తే మరణాలు పెరిగాయని 2012లో బాల్టీ-2 చూపింది.

శ్వాసనాళాలను వదులు చేసే మరో మందు ఇప్రాట్రోపియంను 500 మైక్రోగ్రాముల మోతాదులో సాల్బుటమాల్‌తో కలిపి ఇవ్వడం సీఓపీడీలోనూ తీవ్రమైన ఆస్తమాలోనూ సమంజసమే. ట్యూబ్ ఉన్న రోగికి ఇది పెద్దగా ఇబ్బంది పెట్టదు గాని, అదే మెష్‌ను నాన్ ఇన్వేసివ్ వెంటిలేషన్ (ట్యూబ్ వేయకుండా ఇచ్చే వెంటిలేషన్) మాస్కుతో వాడినప్పుడు అంచుల నుంచి లీకైన తుంపర కంటిలో పడి ఒక కనుపాపను పెద్దది చేయగలదు. మెదడులో ఏదో జరిగిందన్న భయంతో రోగిని స్కాన్‌కు తరలించే ముందు మాస్కు అంచులు చూడటం మంచిది.

ఎసిటైల్‌సిస్టీన్ విషయంలో నా అభిప్రాయం కచ్చితంగా ప్రతికూలం. కఫం పలుచబడుతుందన్న నమ్మకంతో వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి రోగికీ ఆరు గంటలకొకసారి దీన్ని సాల్బుటమాల్‌తో కలిపి ఇవ్వడం అనేక ఐసీయూల్లో అలవాటుగా నడిచింది. నెదర్లాండ్స్‌లో 922 మంది రోగులపై జరిగి 2018లో ప్రచురితమైన నెబ్యులే పరీక్ష, అవసరమైనప్పుడు మాత్రమే ఇచ్చిన రోగులు క్రమం తప్పకుండా ఇచ్చినవారికంటే ఏ మాత్రం వెనకబడలేదని చూపింది. వెంటిలేటర్ లేకుండా గడిపిన రోజుల్లో నష్టం లేదు, గుండె లయ తప్పడం, కలవరపాటు వంటి దుష్ప్రభావాలు మాత్రం క్రమం తప్పకుండా ఇచ్చిన వర్గంలోనే ఎక్కువ. పైగా ఎసిటైల్‌సిస్టీన్ స్వయంగా బ్రాంకోస్పాజం కలిగించగలదు, దాన్ని నివారించడానికే సాల్బుటమాల్ కలపవలసి వస్తుంది. కఫానికి మొదటి చికిత్స సరైన తేమ, తగినన్ని ద్రవాలు, అవసరాన్ని బట్టి సక్షన్. మెష్ నెబ్యులైజర్ చేతికి వచ్చాక ఇలాంటి నిత్య మోతాదులు తగ్గకపోగా పెరగడం నేను గమనించాను, ఎందుకంటే మూత తీసి పోయడం అంత తేలిక. బ్యూడెసోనైడ్ అనే స్టెరాయిడ్‌ను ఈ పరికరం బాగానే నడుపుతుంది. పాత అల్ట్రాసోనిక్ నెబ్యులైజర్లకు ఆ సస్పెన్షన్ సరిపడేది కాదు.

యాంటీబయాటిక్స్ దగ్గర మెష్ తన విలువను నిజంగా నిరూపించుకుంటుంది, ఎందుకంటే ఇక్కడ చేరే మోతాదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. అయినా సాక్ష్యాన్ని జాగ్రత్తగా చదవాలి. వెంటిలేటర్ మీద ఉండి గ్రామ్ నెగటివ్ అనే వర్గపు బాక్టీరియాతో న్యుమోనియా వచ్చినవారికి సిరల ద్వారా ఇచ్చే చికిత్సకు తోడుగా అమికాసిన్ పీల్పించిన ఇన్‌హేల్ పరీక్షల ఫలితాలు 2020లో వచ్చాయి, ప్రాణాలు నిలపడంలో అదనపు మేలు కనిపించలేదు. నివారణకు వాడినప్పుడు చిత్రం కొంత వేరు. ఫ్రాన్స్‌లో జరిగి 2023లో ప్రచురితమైన అమికిన్‌హాల్ పరీక్షలో, కనీసం మూడు రోజులుగా వెంటిలేటర్ మీద ఉన్నవారికి ఆదర్శ శరీర బరువు కిలోకు 20 మి.గ్రా. చొప్పున రోజుకొకసారి మూడు రోజులు ఇచ్చినప్పుడు, 28 రోజుల్లోపు వెంటిలేటర్ న్యుమోనియా వచ్చినవారు 22 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు. మరణాలు తగ్గాయని మాత్రం ఆ పరీక్ష చూపలేదు. బాక్టీరియాలో నిరోధకత ఇప్పటికే ఎక్కువగా ఉన్న విభాగం దీన్ని అందరికీ మొదలుపెట్టే ముందు సూక్ష్మజీవ శాస్త్ర విభాగంతో కూర్చుని మాట్లాడాలని నా అభిప్రాయం.

కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడేవారు యూనిట్ల విషయంలో మెలకువగా ఉండాలి. 10 లక్షల యూనిట్లంటే సుమారు 80 మి.గ్రా. కొలిస్టిమెథేట్ (కొలిస్టిన్‌గా మారే రూపం), అదే సుమారు 33 మి.గ్రా. కొలిస్టిన్ బేస్. మిల్లీగ్రాములని మాత్రమే రాసిన ఆర్డరులో ఏ మిల్లీగ్రాములో తెలియకపోతే తేడా రెండు రెట్లకు మించుతుంది. కలిపిన వెంటనే వాడాలి, ఎందుకంటే ద్రావణంలో నిలవ ఉంటే కొలిస్టిమెథేట్ కొలిస్టిన్‌గా విడిపోయి ఊపిరితిత్తులకు హాని చేయగలదు. ముందుగా కలిపి ఉంచిన ద్రావణం పీల్చిన ఒక రోగి మరణించిన తరువాత 2007లో అమెరికా ఎఫ్‌డీఏ ఈ హెచ్చరికే జారీ చేసింది. ఇంజెక్షన్ వయల్స్‌లో మందు చెడకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లు కూడా బ్రాంకోస్పాజం రేపగలవు కనుక, అవి లేని రూపం దొరికినప్పుడు దాన్నే ఎంచుకోవాలి.

ఎపోప్రోస్టెనాల్‌ను సిరంజి పంపు ద్వారా చుక్కచుక్కగా కప్పులోకి వదులుతూ నిరంతరంగా ఇవ్వడానికి మెష్ చక్కగా అమరుతుంది. ఏఆర్‌డీఎస్‌లో ఇది ఆక్సిజన్ స్థాయిని మెరుగుపరుస్తుంది గాని ప్రాణాలు నిలిపిందన్న సాక్ష్యం లేదు. కుడి గుండె విఫలమవుతున్న పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అధిక పీడనం) రోగిలో దీనికి ఎక్కువ విలువ ఇస్తాను. మందు ప్రభావం కొద్ది నిమిషాల్లోనే పోతుంది, కనుక హఠాత్తుగా ఆగితే ఊపిరితిత్తుల రక్తపోటు ఎగసి రోగి కుప్పకూలవచ్చు. ఆ సిరంజి గొట్టాన్ని సిరల లైన్‌కు పొరపాటున కలపకుండా రంగు లేబుల్ వేయడం, వీలైతే వేరే రకం కనెక్టర్ వాడటం అవసరం.

లోపాలు లేకపోలేదు. చిక్కని ద్రావణాలూ, స్ఫటికాలు కట్టే ద్రావణాలూ రేకు రంధ్రాలను మూసేస్తాయి, అప్పుడు తుంపర సన్నబడుతుందే తప్ప పరికరం తానుగా చెప్పదు. చాలా కంట్రోలర్లు నిర్ణీత సమయం నడిచి ఆగిపోతాయి, మందు పూర్తయిందా లేదా అన్నది కంటితోనే చూసుకోవాలి. అందుకే పది నిమిషాల తరువాత కప్పులో ఇంకా మందు కనిపిస్తే కారణం వెతకాలి. రేకును దూదితోనో సూదితోనో శుభ్రం చేయబోతే పాడవుతుంది. రోగికొకటి చొప్పున వాడవలసిన రకాల్లో, మేము వాడే దానికి విడివిడి మోతాదులకు 28 రోజులు, నిరంతర వాడకానికి 7 రోజులు తయారీదారు చెప్పిన పరిమితి. ఆ తేదీని కప్పు మీదే రాసి అంటించే అలవాటు లేని చోట పరిమితికి అర్థం ఉండదు. కంట్రోలర్ కేబుల్ మంచం రెయిలింగ్‌కూ సక్షన్ గొట్టానికీ మధ్య నలిగి తెగడం కూడా తరచుగా చూస్తుంటాము.

కొనుగోలు చేయబోయే విభాగాలకు నా సూచన స్పష్టంగా ఇది. ఏఆర్‌డీఎస్, తీవ్ర ఆస్తమా, నెబ్యులైజ్ చేసే యాంటీబయాటిక్స్, నిరంతర ఎపోప్రోస్టెనాల్, ఈ నాలుగు అవసరాలకు మెష్ నెబ్యులైజర్‌ను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. స్థిరంగా ఉన్న సీఓపీడీ రోగికి అప్పుడప్పుడు ఇచ్చే సాల్బుటమాల్‌కు స్పేసర్ ఉంటే చాలు. పరికరాలతో పాటే నిశ్వాస ఫిల్టర్ల సరఫరాను రెట్టింపు చేసుకోవాలి, నెబ్యులైజర్ ఆర్డర్లలో ప్రతి మందుకూ ఆపే తేదీ రాసే గడి చేర్చాలి. ప్రతి షిఫ్టు మొదట్లో కప్పులో కొన్ని చుక్కల నార్మల్ సెలైన్ వేసి తుంపర వస్తోందో లేదో చూడాలి. ఎపోప్రోస్టెనాల్ నడుస్తున్న రోగి మంచం దగ్గర పూర్తిగా ఛార్జ్ చేసిన రెండో కంట్రోలర్, కేబుల్, మరో నెబ్యులైజర్ కప్పు అందుబాటులో ఉంచాలి.